మిగిలిన పిండి

పొయ్యి ముట్టించే ముందు మారెక్క అడిగే ప్రశ్న ఒక్కటే. ఈరోజు ఎవరెవరు ఏ పనికి పోతున్నారు? ఏం వండమంటారని ఆ ఇంట్లో ఎవర్నీ ఎన్నడూ అడిగింది లేదు. అడిగితే మాత్రం చెప్పడానికి ఏముంది గనక! పొద్దున సంగటి, మాపటికి సంగటి. మధ్యలో ఆకలైతే మజ్జిగ, మజ్జిగ లేకపోతే కుండలో నీళ్ళు. ఉరవకొండ చుట్టుపక్కల పల్లెల్లో వానను నమ్ముకుని శెనక్కాయ వేసే ఇళ్ళన్నీ ఇంతే. కాకపోతే మిగతా ఇళ్ళల్లో నెలాఖరుకు వెతుకులాట ఉంటుంది, మారెక్క ఇంట్లో ఉండదు. అదే ఆమె గొప్ప.

ఆమె వంటకు ఒక వరస ఉంది. ఉలవలు ఉడికించిందంటే ఆ నీళ్ళు చారుకు, గింజలు తాలింపుకు. చారు రెండోరోజుకు ఇంకా బాగుంటుందని చెప్పి రెండు రోజులు నడిపిస్తుంది. తర్వాత ఒకరోజు ఊరుబిండి. నాలుగు పిడికిళ్ళ శెనక్కాయ విత్తనాలు వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ వేసి రోట్లో నూరితే ఇంటిల్లిపాదికీ సరి. మొగుడు వీరప్ప పొట్టేళ్ళు మేపుకొచ్చేటప్పుడు పంచె కొంగులో చెంచలాకో, గురుగాకో ఏరుకొస్తే ఆ పూట పుల్లగూర. ఆకు ఏదైనా ఆమె పప్పుగుత్తి కింద పడిందంటే రుచి ఒక్కటే. కందిబ్యాళ్ళ పప్పు వారానికి ఒక్కసారి. గుడ్లు పెట్టే కోళ్ళు రెండున్నాయి గానీ ఆ గుడ్లు మనవరాలు జయంతికి తప్ప ఇంకెవరికీ పెట్టదు. స్టోరు బియ్యాన్ని ఉత్త అన్నంగా వండడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు. అన్నం కడుపులో నిలబడదు, నడిపొద్దుకే మళ్ళీ ఆకలంటారు. అదే బియ్యాన్ని గంజి వార్చకుండా మెత్తగా ఉడికించి, మీద రాగిపిండి పోసి, కుండను కాళ్ళ మధ్య అదిమిపట్టుకుని కట్టెతో గెలికితే సాయంత్రం దాకా మనిషి నోరెత్తడు.

ఇదంతా ఆమె సొంత తెలివి కాదు. అత్త నేర్పింది. ఆ అత్త ఉండగా ఆ ఇంట్లో చీమకు కూడా లెక్క ప్రకారమే పెట్టేవారట. ముద్ద పనిని బట్టి అనేది ఆమె శాసనం. మడక పట్టి దుక్కి దున్నేవాడికి ముద్దన్నర. గొర్రెలు మేపేవాడికి ముద్ద. కలుపుకు పోయే ఆడమనిషికి ముద్దకు కొంచెం తక్కువ. ఇంట్లో ఉండేవాళ్ళకు సగం. పిల్లలకు నిమ్మకాయంత. ఎవరి ముద్ద ఎంతో ఎవరూ నోరు తెరిచి అడగకూడదు, చేసే చేతికి తెలిసుండాలి. ముప్పై రెండేళ్ళుగా మారెక్క తడిచెయ్యి కుండలోకి పోతే ఆ కొలతలే బయటికొస్తాయి. కొడుకు ఓబిలేష్‌కు పదిహేనో ఏట, మొదటిసారి రోజంతా మడక తోలిన నాడు, అడక్కుండానే పెద్దముద్ద వచ్చింది. వాడు పళ్ళెం ఎత్తుకుని వాకిట్లోకి పోయి మరీ తిన్నాడు, వీధిలో పోయేవాళ్ళందరూ చూడాలని. మగతనం అంటే ఆ ఇంట్లో అదే మరి.

పిండికి కూడా ఒక కట్టడి ఉంది. అమావాస్య మరుసటిరోజు మిషన్‌లో పద్దెనిమిది కిలోల రాగులు ఆడిస్తుంది. రోజుకు నాలుగు లోటాల పిండి, పొద్దున రెండు, మాపున రెండు. మళ్ళీ అమావాస్యకు డబ్బా ఖాళీ కావాలి. ఆరోజు దాన్ని కడిగి ఎండలో బోర్లిస్తుంది. ఒక్కోసారి చుట్టాలొచ్చి రెండురోజుల ముందే అయిపోయిన సందర్భాలున్నాయి. మిగలడం మాత్రం ఆమె కాపురానికొచ్చాక జరగలేదు.

శివరాత్రి అయిన వారానికి ఫోన్ వచ్చింది. బెంగుళూరుకు కూలికి పోయిన ఓబిలేష్ అక్కడ కడుతున్న బిల్డింగు మీదనుంచి పడ్డాడు. ఆ సమయానికి మారెక్క సంగటి గెలుకుతోంది. కోడలు సువర్ణ ఫోన్ చేతిలో పట్టుకుని గోడకు జారగిలబడి ఏడుస్తోంది. మారెక్క విన్నది. విని, గెలుకుడు ఆపలేదు. మధ్యలో వదిలేస్తే పిండి ఉండలు కడుతుంది కదా! పూర్తిగా గెలికి, మూతపెట్టి, నిప్పులు వెనక్కి లాగి, అప్పుడు లేచి చెయ్యి కడుక్కుంది. ఆ తర్వాత ఏడవాలని ఆమెకే అనిపించింది. రాలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి గుండెలు బాదుకుని, ఈమె కంట్లో తడి కనపడక, ఇదేం మనిషమ్మా అనుకుంటూ పోయారు. వాళ్ళననేదేముంది, ఆమెకే తనమీద తనకు అనుమానం వచ్చింది. ఎక్కడో లోపల నీళ్ళు ఇంకిపోయాయి. అంతకుమించి ఆమెకు తెలియదు.

తుంటి కింద ఎముక విరిగిందని లోపల కడ్డీ వేశారు. ఆరునెలలు ఆ కాలి మీద బరువు పడకూడదన్నారు. వాడిని తెచ్చి వసారాలో మంచం వేసి పడుకోబెట్టారు. మూడు మూరల పొడుగున్న రెండు కర్రలు మంచం పక్కన. అవి చంకల్లో పెట్టుకుని దొడ్డికి పోయిరావడం, మళ్ళీ మంచం. వీరప్ప మాట్లాడే మనిషి కాదు, ఎవరి పొట్టేళ్ళో కూలికి మేపుతూ పొద్దున పోయి పొద్దుగూకాక వస్తాడు. కొడుకు వచ్చాక ఉన్న ఆ నాలుగు మాటలు కూడా మానేశాడు.

సువర్ణ సర్కారు పెట్టే కరువు పనికి పోవడం మొదలుపెట్టింది. ఎండలు ముదరకముందే తెల్లవారి ఆరింటికల్లా గడ్డపార తీసుకుని చెరువు కయ్యలో మన్ను తవ్వడానికి పోవాలి. మొదటిరోజు పొద్దున మారెక్క మామూలుగా ముద్దలు చేసింది. చేసి, పళ్ళేల్లో పెట్టి, నాలుగు పళ్ళేలూ ముందుకు నెట్టింది. అప్పుడు చూసుకుంది. పెద్దముద్ద సువర్ణ పళ్ళెంలో ఉంది. ఓబిలేష్ పళ్ళెంలో సగం ముద్ద.

ఆమె కావాలని చెయ్యలేదు. చెయ్యి చేసింది. మట్టి తవ్వేవాళ్ళకు పెద్దది, ఇంట్లో ఉండేవాళ్ళకు సగం, ముప్పై రెండేళ్ళుగా ఆ చెయ్యికి తెలిసింది అదే. సువర్ణ పళ్ళెం ముందు బిగుసుకుపోయి మొగుడి వంక చూసింది. వీరప్ప తలెత్తలేదు. మార్చేద్దామా అని మారెక్కకు ఒక క్షణం అనిపించింది గానీ, మారిస్తే జరిగింది ఇంకా పెద్దదవుతుందని ఊరుకుంది. ఓబిలేషే నవ్వాడు. "తినుమే, మన్ను తవ్వేది నువ్వే గదా," అన్నాడు పెళ్ళాంతో. అంతే, ఆ మాట అక్కడితో అయిపోయిందని అందరూ అనుకున్నారు.

ఆ తర్వాత నెలన్నర దాకా వాడు ఆ సగం ముద్దా తిన్నాడు. చైత్రం పోయి వైశాఖం వచ్చిన వారానికి కాబోలు, ఒకపూట పళ్ళెంలో నిమ్మకాయంత మిగిల్చాడు. ఆకలిగా లేదన్నాడు. కూర్చునే మనిషికి ఆకలి ఏముంటుందిలే అని మారెక్క దాన్ని మజ్జిగలో పిసికి తను తాగింది. మర్నాడూ మిగిల్చాడు. ఆ మర్నాడు ఇంకొంచెం ఎక్కువ. మిగిలేదాన్ని వండటమెందుకని మారెక్క మాపటి రెండు లోటాలను ఒకటిన్నర చేసింది. వాడు ఇంకా మిగిల్చాడు. పొద్దున కూడా అర లోటా తగ్గించింది. రోజుకు మూడు లోటాలతో ఇల్లు గడిచిపోతోంది.

ఇక్కడే ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. మారెక్కకు సంతోషం వేసింది. శివరాత్రి తర్వాత ఆమెకు దేనికీ ఏమీ అనిపించడం లేదని చెప్పుకున్నాం కదా. జయంతి ఆడుతూ పడి మోకాలు చెక్కుకున్నా, మొదటి వాన చినుకులు నాలుగు పడి మట్టి వాసన వేసినా, పక్కింటివాళ్ళ ముసలమ్మ పోయినా ఆమెలో కదలిక లేదు. అలాంటిది, పొద్దున్నే పిండి డబ్బాలోకి చెయ్యి పెట్టి, ఈపాటికి ఇంత అడుగుకు పోవాల్సింది ఇంకా ఇంత ఉందే అని చూసుకున్నప్పుడు మాత్రం, ఎక్కడో కొంచెం వెచ్చగా అనిపించేది. పళ్ళేలు తీసేటప్పుడు ఓబిలేష్ పళ్ళెంలో మిగిలిన తుంటను చూసి, రేపు పొద్దున తన కడుపుకు ఇది చాలు అనుకునేది. సువర్ణ ఒకరోజు పనికి పోతూ గడప దగ్గర ఆగి, ఆయప్పకు రోంత ఎక్కువ పెట్టు అత్తా అంది. పెడితే మిగిలిస్తాడు, పారేసుకునేదానికి మనకేమన్నా మిగలబడిందా అని మారెక్క సమాధానం. అది కోపంతో అన్నదీ కాదు, లెక్క ప్రకారం అన్నది. సువర్ణ గడ్డపార భుజాన వేసుకుని పోయింది.

వైశాఖ అమావాస్య వచ్చింది. మారెక్క డబ్బా కడగడానికి తీసింది. అడుగున ఇంకా పిండి ఉంది. లోటాతో కొలిచి చూసింది, ఇరవై లోటాలు. ఆరురోజుల తిండి! ముప్పై రెండేళ్ళలో మొదటిసారి. పాతపిండి, కొత్తపిండి కలిపితే పురుగు పడుతుందని, పాతదాన్ని ఒక గుడ్డలో మూటకట్టి ఉట్టి మీద పెట్టింది. వీరప్పను పిలిచి మూట చూపించింది కూడా. ఆయన చూసి, తలాడించి, పొట్టేళ్ళ దగ్గరికి పోయాడు. అత్త బతికుంటే చూపించేదాన్నని ఆమెకు అనిపించింది.

మరుసటిరోజు మిషన్‌కు పోయింది. మిషన్ నడిపేది ఆంజినమ్మ. ఊళ్ళో ఎవరింట్లో ఎన్ని కిలోలు తింటారో ఆమెకు నోటికొచ్చు. ఎవరింటికి కోడలొచ్చింది, ఎవరింట్లో పిల్లోడు హాస్టల్‌కు పోయినాడు, ఎవరు వేరు కాపురం పెట్టారు, అన్నీ తక్కెట్లోనే కనిపెడుతుంది. ముఖం నిండా పిండి, కనురెప్పల మీద కూడా పిండి. మారెక్క తెచ్చిన సంచిని తక్కెట్లో పెట్టి, పదకొండు కిలోలు చూసి, ముల్లు తప్పిందేమోనని ఇంకోసారి ఎత్తి పెట్టింది.

"ఏమి మారెక్కా, పదకొండే తెచ్చినావు. మీ ఇంట్లో ఎవరన్నా ఊరికి పోయినారా?"

ఎవరూ పోలేదని, అందరూ ఇంట్లోనే ఉన్నారని, ఈసారి పిండి మిగిలిందని మారెక్క చెప్పింది. చెప్పేటప్పుడు గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. ఆంజినమ్మ ఆశ్చర్యపోలేదు, మెచ్చుకోనూ లేదు. రాగులు పోసే గంప అందుకుంటూ, మామూలుగానే అడిగింది.

"మనుషులు తగ్గకుండా పిండి యాడ మిగుల్తాది? ఎవరో ఒకరు తినల్యాదు."

మిషన్ మొదలుపెట్టింది. ఆ చప్పుడులో ఇంకేం మాట్లాడుకునే వీలు లేదు. మారెక్క నిలబడే ఉంది. ఇరవై లోటాలు. తను ఎప్పటిలాగే తిన్నది. వీరప్ప ముద్ద తగ్గలేదు. సువర్ణది తగ్గలేదు. జయంతికి తగ్గలేదు. ఇరవై లోటాల పిండి ఒక్క మనిషి నోటిదగ్గరనుంచి వచ్చింది. ఆ మూటను తను మొగుడికి చూపించి సంబరపడింది. ఆంజినమ్మ సంచి సర్ది, పిండి పోసి, ఇంద అని చెయ్యి చాపేసరికి మారెక్క అక్కడ లేదు.

ఎండలో నడిచి ఇంటికొచ్చింది. ఓబిలేష్ మంచం మీద కూర్చుని జయంతి పలక మీద గీతలు గీస్తున్నాడు. మారెక్క వాడి ముందు నేలమీద కూర్చుంది. చాలా రోజులుగా ఆమె వాడి పళ్ళేన్ని చూసింది గానీ వాడిని చూడలేదు. ఇప్పుడు చూసింది. మణికట్టు దగ్గర ఉండాల్సిన గడియారం మోచేతి దాకా జారిపోతోంది. చొక్కా వాడిది కాదన్నట్టు భుజాల మీద వేలాడుతోంది. మెడ దగ్గర ఎముకలు లేచాయి. పలక పట్టుకున్న వేళ్ళు సన్నబడి, కణుపులు మాత్రం లావుగా కనబడుతున్నాయి. రోజుకు రెండుపూటలా ఈ మనిషికి తన చేత్తోనే పెట్టింది. కన్నతల్లి! సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

జయంతిని ఆడుకోమని పంపించింది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"నువ్వు తినకుండా లేస్తే పిండి మిగుల్తాందని నాకు సంతోషమైతాండె రా నాయనా."

వాడు పలక పక్కన పెట్టాడు. కోప్పడతాడేమోనని ఆమె చూసింది. కోప్పడితే బాగుండుననిపించింది.

"తెలుసమ్మా," అన్నాడు.

ఎట్లా తెలుసని అడిగింది. వాడు కాలు సర్దుకుని, చొక్కా గుండీ తిప్పుతూ, వీధి వంక చూస్తూ చెప్పాడు.

"నేను ఈడ పడినప్పట్నుంచి నీ ముగంలో ఏమీ ల్యాకపాయె. నన్ను చూసినా అంతే, పాపను చూసినా అంతే. ఒకనాడు కడుపు బాగల్యాక నిజంగానే మిగిల్చినా. దాన్ని చూసి నీ ముగం రోంత తేట అయ్యింది. సంపాదించి పెట్టేదానికి నాతో కాదు, అదన్నా చేద్దామని మిగిలిస్తా వచ్చినా."

ముద్ద చిన్నదైందని వాడికి పౌరుషం వచ్చిందేమోనని మారెక్క దారిలో అనుకుంటూ వచ్చింది. అది నిజమైనా బాగుండేది. పెళ్ళాం ముందు చిన్నబుచ్చావు కదమ్మా అని వాడు అరిచుంటే, కాళ్ళు పట్టుకునైనా సర్దిచెప్పుకునేది. దీనికేం చెబుతుంది? తను సంతోషపడాలని కొడుకు పస్తున్నాడు. ఆ సంతోషాన్ని తను పడింది కూడా.

లేచి పొయ్యి ముట్టించింది. నడిపొద్దున ఆ ఇంట్లో పొయ్యి రాజడం పెళ్ళిళ్ళకూ తద్దినాలకూ తప్ప లేదు. కందికట్టె పొగకు పక్కింటివాళ్ళు తలుపులోంచి తొంగిచూశారు, చుట్టాలొచ్చారేమోనని. ఎసరు మరిగింది. బియ్యం వేసింది. ఉట్టి మీది మూట దించి, లోటా వెతకలేదు, చేతులతోనే తీసి పోసింది. కట్టె పట్టుకుని గెలికింది. నిన్నటి ఉలవచారు వేడిచేసింది. జయంతికని దాచిన గుడ్డు ఒకటి ఉడకబెట్టింది. చెయ్యి తడిచేసి కుండలో పెట్టినప్పుడు, ఆ చెయ్యి అలవాటుగా సగం ముద్దకే ముడుచుకుంది. దాన్ని మళ్ళీ తెరిచింది. ఇంకొంచెం తీసింది. ఇంకొంచెం.

పళ్ళెం వాడి ముందు పెట్టింది. మడక తోలేవాడి ముద్ద. ఇంత నాతో కాదమ్మా అన్నాడు. అబద్ధం కాదు, అలవాటు తప్పిన పొట్ట అది. అయినంత తినమంది. పళ్ళెం పెట్టాక ఎప్పుడూ లేచిపోయే మనిషి, ఈసారి లేవలేదు. ముప్పై రెండేళ్ళలో ఎవరు తింటున్నా ఆమె ఎదురుగా కూర్చున్నది లేదు, పనుండేది.

వాడు ముద్ద అంచున తుంట తుంచి చారులో ముంచాడు. నోట్లో పెట్టుకోబోతూ ఆగి తల్లి ముఖం చూశాడు. మింగి, ఇంకొకటి తుంచి, మళ్ళీ చూశాడు. ఎందుకు చూస్తున్నాడో మారెక్కకు తెలుసు. నవ్వుదామని చూసింది. పెదవులు ఏదో చేశాయి గానీ అది నవ్వు కాలేదు. కళ్ళు అయినా తేటపడాలని ఎంతో ప్రయత్నించింది. తనకొక్క ముఖం ఉంది, అదిప్పుడు అవసరమైన చోట పనికిరావడం లేదు. వాడి చెయ్యి పళ్ళెం మీద నిలిచిపోయింది.

"తిను నాయనా," అంది మారెక్క. "లోపల సంతోషంగానే ఉండాది. ముగానికి రావడంల్యా, అంతే."

వాడు తల వంచుకుని తిన్నాడు.